అమ్రాబాద్ గుట్టల్లో పక్షుల సారు – సలీం అలీ

వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమని వార్డెన్ సారు చెప్పినప్పుడు, నా తోటివాళ్లు అంబేద్కర్, పూలే, కలాం పేర్లు తీసుకున్నారు. నేను పక్షుల శాస్త్రవేత్త సలీం అలీని ఎంచుకున్నాను. ఆయన మన అమ్రాబాద్ అడవుల్లో డేరా వేసుకొని పక్షులను లెక్కబెట్టిన మనిషి. ఈ సంగతి నాకు ఎమ్మెస్సీకి వచ్చేదాకా తెలియదు. పదేళ్లు ఈ జిల్లా బడుల్లోనే చదివిన నాకు ఒక్కరూ చెప్పలేదు కాబట్టి, మీకైనా ముందే తెలియాలని రాస్తున్నాను.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్త హమీదా బేగం పెంచారు. మన చేతుల్లో గులేరు ఎట్లాగో ఆయన చేతిలో చిన్న ఎయిర్ గన్ ఉండేది. ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు కింద పసుపు మచ్చ కనిపించింది. అదేమి పిచ్చుకో మామకు తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో మిల్లార్డ్ అనే దొర దగ్గరికి పంపించారు. ఆ దొర పిల్లవాడిని తిట్టలేదు. పిట్ట పేరు చెప్పి, సొసైటీలో దాచిన వందల పక్షులను అరలు లాగి చూపించి, చదువుకోమని పుస్తకాలిచ్చాడు. ఒక పెద్దమనిషి ఆ పూట ఓపిక చేసుకోవడం వల్ల ఎంత జరిగిందో తర్వాత చూడండి.

చదువులో మాత్రం ఆయన వెనుకబడ్డారు. 1913లో మెట్రిక్ ఎట్లాగో గట్టెక్కి, కాలేజీ మొదటి ఏడాదిలోనే మానేసి బర్మా వెళ్లారు. అక్కడ కుటుంబం వారి గనులు, కలప వ్యాపారం ఉండేవి. వ్యాపారం కన్నా అక్కడి అడవి పక్షులే ఆయనకు నచ్చాయి. 1917లో తిరిగొచ్చి, జువాలజీ కోర్సు చదివారు కానీ డిగ్రీ చేతికి రాలేదు. దానివల్లే జువలాజికల్ సర్వేలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం దక్కలేదు. ఇంటర్లో ఒక సబ్జెక్టు తప్పి ఏడాదంతా ఇంట్లో కూర్చున్న నాకు ఈ భాగం చదివినప్పుడు ధైర్యం వచ్చింది. అట్లాగని డిగ్రీ అక్కర్లేదని అనుకోకండి తమ్ముళ్లూ! ఆయన వెనుక నిలబడ్డ బంధువులు మన వెనుక లేరు.

1926లో బొంబాయి మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్లకు అక్కడి జంతువులు, పక్షుల గురించి వివరించి చెప్పే పని అది. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బు లేదని ఆ ఉద్యోగాన్నే తీసేశారు. భార్య తెహ్మీనాతో కలిసి సముద్రం ఒడ్డున కిహిం అనే ఊళ్లో ఉన్నారు. అక్కడ చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడుతుండేవి. మన దగ్గర బావుల మీది తుమ్మలకు, ఈత చెట్లకు ఉండేవే. నెలల తరబడి చూసి ఆయన తేల్చినది ఇది: మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడది వచ్చి లోపలికి బయటికి తిరిగి చూసి నచ్చితేనే ఉంటుంది. అప్పుడు మగది ఆ గూడు పూర్తి చేసి, పక్కన ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఉద్యోగం లేని రోజుల్లో చేసిన ఈ పనే ఆయనకు పేరు తెచ్చింది.

ఆయన గురించి నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. పొడుగు తోక పసుల పోలిగాడిని మన నల్లమలలో చూడవచ్చు. దాని తోకలో రెండు ఈకలు సన్నని కాడల్లాగా సాగి, కొసన చిన్న గరిటెల్లాగా ఉంటాయి. ఆ కొసన ఈక బొచ్చు కాడకు లోపలి వైపు ఉండదని ఇంగ్లాండుకు చెందిన హ్యూ విజ్లర్ అనే పెద్ద పక్షి పండితుడు రాశాడు. కాడ మెలి తిరగడం వల్ల అలా కనిపిస్తుందని, పాత పుస్తకాల్లోని తప్పును అందరూ దించుకుంటూ వచ్చారని సలీం అలీ రాశారు. ఎవడో పేరు లేని ఇండియావాడు తనకు తప్పు పట్టడమేమిటని విజ్లర్‌కు కోపం వచ్చి, సొసైటీ పత్రిక సంపాదకులకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. ఆ తర్వాత తన దగ్గరున్న పక్షులను మళ్లీ తీసి చూసి, తప్పు ఒప్పుకున్నాడు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు.

ఆ స్నేహం మన జిల్లాకు కూడా ఉపయోగపడింది. జీతం వద్దు, అడవిలో ఉండే ఖర్చు, ప్రయాణపు ఖర్చు ఇస్తే చాలు, మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేస్తానని సలీం అలీ సంస్థానాలకు రాశారు. ముందుగా ఒప్పుకున్నది నిజాం ప్రభుత్వమే. 1931-32లో సర్వే జరిగింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని (ఇప్పుడు నాగర్‌కర్నూల్) మన్ననూరు, ఫరహాబాద్‌లు ఆయన పని చేసిన చోట్లలో ఉన్నాయి. అక్కడ సేకరించిన పక్షులను విజ్లర్ ఇంగ్లాండులో పరిశీలించి తన నోట్సు జోడించాడు. అదంతా 1933-34లో సొసైటీ పత్రికలో అచ్చయింది. చెంచు పెంటల పక్కన చూసిన పిట్టల పేర్లు లండన్, బెర్లిన్ శాస్త్రవేత్తలు అట్లా చదివారు. ఆ కాలం పద్ధతి ప్రకారం పక్షులను కాల్చి చంపే సేకరించేవారు. ఈ సంగతి నాకు నచ్చదు. కానీ దాచి రాయడం సరి కాదు.

1939లో తెహ్మీనా చనిపోయారు. ప్రతి క్యాంపుకూ వెంట వచ్చిన మనిషి. 1941లో వచ్చిన ఆయన 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' రంగుల బొమ్మలతో, మామూలు పిల్లవాడు కూడా పిట్టను పోల్చుకునేలా ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి 1968 నుంచి 1974 దాకా పది సంపుటాలు తెచ్చారు. భరత్‌పూర్ పక్షుల కొలను, కేరళలోని సైలెంట్ వ్యాలీ నిలవడంలో ఆయన మాటకు బలముంది.

1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పక్షుల కాళ్లకు రింగులు తొడిగే పని మొదలైంది. రింగు మీద సొసైటీ పేరు ఉంటుంది. భరత్‌పూర్‌లో రింగు వేసిన బాతులు సోవియట్ దేశంలో దొరికి, అక్కడి నుంచి కబురు వచ్చేది. మన జొన్న చేల మీద గుంపులుగా పడే గులాబీ గోరింకలు కూడా మధ్య ఆసియా నుంచే వస్తాయి. మా నాయన మంచె మీద నిలబడి వడిసెలతో కొట్టేవాడు. అవి మిడతలను కూడా తింటాయని, వేసవిలో ఇంకో దేశంలో పిల్లలు చేస్తాయని నేను ఇంటికి వెళ్లి చెప్పినప్పుడు, పిట్టలు కూడు పెడతాయా బిడ్డా అని అమ్మ అడిగింది. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

డిగ్రీ లేని సలీం అలీకి 1978లో ఆంధ్రా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంతకుముందు 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివి కోడి 1986 జనవరిలో కడప దగ్గర దొరికింది. దాన్ని పట్టింది సొసైటీ వారికి సాయం చేసిన స్థానికుడు ఐతన్న. రాత్రిపూట ఆ పిట్ట ఎక్కడ తిరుగుతుందో ఆయనకే తెలుసు. అప్పటికి సలీం అలీకి తొంభైకి దగ్గర. 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టలను లెక్కబెడతారు. 1998లో అమెరికాలో మొదలై, 2013 నుంచి అన్ని దేశాలకూ వచ్చింది. మన దేశంలో బడిపిల్లలు కూడా ఉంటారు. చూసిన పిట్ట పేరు, ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు అని రాసి పంపితే చాలు. పోయినసారి మన ఏడో తరగతి పిల్లలను తీసుకొని నేను చెరువు కట్ట మీదికి వెళ్లాను. పావుగంట నిశ్శబ్దంగా నిలబెట్టడమే కష్టమయింది. వార్డెన్ సారు ఫోనులో పంపిన జాబితాలో ఒక పిట్ట పేరు రాయలేకపోయాం. ఆ రోజు గులేరు జేబులో పెట్టుకొని వచ్చిన పిల్లవాడే దాని బొమ్మ గీసి ఉంచాడు. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మళ్లీ వెళ్తున్నాం. వచ్చేవాళ్లు నోటుబుక్కు తెచ్చుకోండి.