బొగ్గుగని కార్మికుని కొడుకు - స్నూకర్ రారాజు జో డేవిస్



నేను ఉదయగిరి హాస్టల్లో చదివే రోజుల్లో మా అందరికీ కలిపి ఒక్కటే క్యారమ్ బోర్డు. దానికి ఒక మూల పగిలింది. ముఖానికి పూసుకునే పౌడరే బోర్డు మీద చల్లుకుని, ఆదివారం వంతు కోసం పొద్దున్నే వరుస కట్టేవాళ్లం. పదో తరగతికి ఆత్మకూరు వచ్చాక కూడా అదే పిచ్చి. బేల్దారి పనికి పోయే మా నాన్న, ఈ ఆట కూడు పెట్టదురా అని బాధపడేవాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కాబట్టి ఆయన భయంలో తప్పు లేదు. అయితే పీజీలో చేరాక ఒక మనిషి జీవితం గురించి చదివాను. ఎవరూ లెక్కచేయని ఆటను ఆయన తన చేతులతో జీవనోపాధిగా మార్చాడు. ఆయనే జో డేవిస్.

ముందు ఆట గురించి రెండు మాటలు. స్నూకర్ మన క్యారమ్‌కు పెద్దన్న లాంటిది. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న పచ్చగుడ్డ బల్ల, ఆరు జేబులు. స్ట్రైకర్‌కు బదులు తెల్ల బంతి, వేలికి బదులు కర్ర. ఎర్ర బంతులు 15, వేరే రంగులవి ఆరు. ఎర్రదానికి ఒక పాయింటు, నల్లదానికి ఏడు. విశేషమేమంటే ఈ ఆట మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో నెవిల్ చాంబర్లిన్ అనే బ్రిటిష్ అధికారి దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసి పెట్టారు. దొరల క్లబ్బుల్లో పుట్టిన ఆటను సామాన్యుల దగ్గరకు చేర్చినవాడు మాత్రం ఒక కూలివాని బిడ్డ.

జో డేవిస్ 1901 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో విట్‌వెల్ అనే గని పల్లెలో పుట్టారు. తండ్రి బొగ్గుగనిలో పనిచేసి, తర్వాత చెస్టర్‌ఫీల్డ్ దగ్గర ఒక సారాయి దుకాణం నడిపారు. అందులో ఒక బిలియర్డ్స్ బల్ల ఉండేది. ఆ బల్లే జోకు బడి. పదమూడేళ్లకే చెస్టర్‌ఫీల్డ్ పట్టణ బిలియర్డ్స్ విజేత అయ్యారు. పద్దెనిమిదో ఏట ఆటనే వృత్తిగా ఎంచుకున్నారు. ఆయన కుడికన్ను చూపు చాలా తక్కువ. దానికి కుంగిపోకుండా కర్రను ఎడమ కంటి కిందకు తెచ్చుకుని నిలబడే పద్ధతిని తానే అలవాటు చేసుకున్నారు. మన ఉదయగిరి చెక్క చెంచాల పనివారిని చూసినవారికి ఇది అర్థమవుతుంది. చేతిలో నైపుణ్యం ఒక్కరోజులో రాదు.

ఆ రోజుల్లో బిలియర్డ్స్‌దే పెద్దపీట. స్నూకర్ పొద్దుపోక ఆడే ఆట. హాళ్లలో జనం స్నూకర్ మీద మోజుపడటం డేవిస్ గమనించారు. స్నూకర్‌కు ప్రపంచ పోటీ పెట్టమని ఆటల సంఘాన్ని అడిగారు. మొదట వాళ్లు ఆసక్తి చూపలేదు. బర్మింగ్‌హామ్‌లో హాలు నడిపే బిల్ క్యామ్‌కిన్ అండతో పట్టు వదలక 1926-27లో పోటీ జరిగేలా చేశారు. పాల్గొన్నది పదిమంది. ఒక్కొక్కరి ప్రవేశ రుసుం 5 పౌండ్ల 5 షిల్లింగులు. అందులో సగం పెట్టి కప్పు కొన్నారు. 1927 మే నెలలో ఫైనల్లో టామ్ డెన్నిస్‌ను 20-11తో ఓడించి డేవిస్ మొదటి విజేత అయ్యారు. చేతికి వచ్చింది 6 పౌండ్ల 10 షిల్లింగులు మాత్రమే!

1931లో పోటీకి వచ్చినవారు ఇద్దరే ఇద్దరు. అయినా ఆయన మానలేదు. మధ్యలో నాలుగుసార్లు బిలియర్డ్స్‌లోనూ ప్రపంచ విజేత అయ్యారు. 1940లో ఫైనల్లో ఎదురుగా నిలిచింది స్వయానా తమ్ముడు ఫ్రెడ్. అన్న 37-36తో ఒక్క ఫ్రేము తేడాతో గట్టెక్కారు. యుద్ధం వల్ల ఐదేళ్లు పోటీలు ఆగిపోయాయి. 1946లో లండన్‌లో హొరేస్ లిండ్రమ్‌ను 78-67తో ఓడించి 15వ టైటిల్ గెలిచారు. ఓటమి ఎరుగకుండానే ప్రపంచ పోటీ నుండి తప్పుకున్నారు.

ఆయన జీవితంలో ఇంకో పార్శ్వం కూడా చెప్పాలి. పోటీ నుండి తప్పుకున్నా అప్పటికీ మేటి ఆయనే. ఆయన లేని కిరీటానికి విలువ తగ్గిందనే విమర్శ వచ్చింది. 1958 నుండి 1963 వరకు ప్రపంచ పోటీయే జరగలేదు. ఒక ఆట ఒక్కరి భుజాల మీదే నిలబడితే, ఆ ఒక్కరూ పక్కకు జరిగినప్పుడు ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

1955 జనవరి 22న విల్లీ స్మిత్‌తో ఆడుతూ డేవిస్ 147 పాయింట్లు సాధించారు. ప్రతి ఎర్ర బంతి తర్వాత నల్ల బంతి, చివర రంగులన్నీ, ఒక్క పొరపాటు లేకుండా. మొదట దీన్ని సంఘం గుర్తించలేదు. 1957లో గాని అధికారిక రికార్డు కాలేదు. 1963లో బ్రిటన్ ప్రభుత్వం ఓబీఈ బిరుదునిచ్చింది. 1978లో షెఫీల్డ్‌లో తమ్ముడు ఫ్రెడ్ సెమీఫైనల్ ఆడుతుంటే చూస్తూ ఉద్వేగంతో అస్వస్థులయ్యారు. ఆ ఏడాది జూలై 10న కన్నుమూశారు. తాను ఓడిపోతానని ఎన్నడూ భయపడని మనిషి, తమ్ముడి ఓటమికి తల్లడిల్లిపోయారు.

ఆయన నుండి నేను నేర్చుకున్నది ఒక్కటే. ఒక బంతిని కొట్టేటప్పుడే తెల్ల బంతి తర్వాత ఎక్కడ ఆగాలో ఆలోచించాలి. చదువులోనూ అంతే. పరీక్ష గట్టెక్కడం ఒక్కటే కాదు, ఆ తర్వాత ఎక్కడ నిలబడతామన్నదీ చూసుకోవాలి.

అన్నలకు ఒక మనవి. ఉద్యోగాల్లో ఉన్నవారు తలా కొంత వేసి మన హాస్టళ్లకు మంచి బోర్డులు కొనిద్దాం. ఏటా వార్షికోత్సవానికి ఉదయగిరి, ఆత్మకూరు పిల్లల మధ్య పోటీ పెడదాం. కప్పు చిన్నదైనా ఫరవాలేదు. ఆటగాళ్ల రుసుములో సగంతో కొన్న ఆ కప్పే నేటికీ స్నూకర్ ప్రపంచ విజేత చేతికి వస్తోంది.