మాజినీ మహాశయుడు

1815 తరువాత చాలకాలము ఇటలీ యను పేరు భూగోళ పటములందు కలదు గాని, ఆ పేరుగల రాజ్యము మాత్రము లేదు. 1815వ సంవత్సరమున వియన్నా నగరమందు సమావేశమైన ఐరోపా ప్రభువులు ఆ దేశమును ముక్కలుగా పంచి పెట్టిరి. ఉత్తరమున లొంబార్డీ, వెనిషియా ప్రాంతములు ఆస్ట్రియా చక్రవర్తి వశమయ్యెను. నడుమ పోపు రాజ్యమును, దక్షిణమున నేపిల్సు రాజ్యమును, పడమట సార్డీనియా రాజ్యమును ఉండెను. జెనోవా పట్టణము పూర్వము స్వతంత్రముగా నుండినది; దానిని కూడ అచ్చటి ప్రజల నడుగకయే సార్డీనియాలో కలిపివేసిరి.

ఆ పట్టణమందే 1805వ సంవత్సరము జూన్ 22వ తేదీన జుసెప్పె మాజినీ జన్మించెను. తండ్రి వైద్యుడు, తల్లి మరియా మిక్కిలి వివేకవతి. 1821లో సార్డీనియా రాజ్యమున యువకులును, సైనికులును ప్రజాస్వాతంత్ర్యము కొఱకు తిరుగుబాటు చేసిరి. యువరాజు చార్లెస్ ఆల్బర్టు మొదట వారి పక్షము వహించి, పిదప వారిని విడిచిపోయెను. ఓడిపోయినవారు ఓడలెక్కి పరదేశములకు పోవుటకై జెనోవా చేరిరి. ఒకనాడు తల్లితో వీధిలో నడచుచున్న మాజినీ యెదుట గడ్డము పెరిగిన పొడవైన మనుష్యు డొకడు నిలిచి, తెల్లని చేతిగుడ్డ చాచి, దేశభ్రష్టుల కొఱకు సాయమడిగెను. తల్లి ఆ గుడ్డలో కొంత ధనము వేసెను. బాలునకు అప్పటికి పదునాఱేండ్లైనను నిండలేదు. ఆ ముఖ మాతని మనస్సున చెరగని ముద్రవేసెను. నాటినుండి దేశమునకై దుఃఖసూచకముగా నల్లని వస్త్రములనే ధరింపసాగెను.

మాజినీ న్యాయశాస్త్రము చదివి 1827లో పట్టము పొందెను. ఆ కాలమున దేశాభిమానులైన యువకులకు కార్బొనారి యను రహస్యసంఘ మొక్కటే శరణ్యముగా నుండెను. బొగ్గు కాల్చువారని ఆ పేరునకు అర్థము. మాజినీ ఎంతో ఆశతో అందు చేరెను. కాని అచ్చట పెద్దలు వినయముతో ఆజ్ఞలు పాటింతునని ప్రమాణము చేయించిరే గాని, సంఘము కోరునది యేమో చెప్పరైరి. దేశమంతయు ఒక్కటి కావలెనా, రాజుండవలెనా, ప్రజలే పాలింపవలెనా యను ప్రశ్నలకు సమాధానమే లేకుండెను. ఆతని యుత్సాహము చల్లారెను.

1830లో ఒక గూఢచారి మూలమున మాజినీ పట్టుబడి, సవోనా దుర్గమున బంధింపబడెను. ఆ గదినుండి కనబడునవి ఆకాశము, సముద్రము మాత్రమే. ఆ యేకాంతమున ఆతడు గతమును విమర్శించి చూచెను. పెద్దలు రాజులను నమ్మిరి; రాజులు మోసగించిరి. ఒక పట్టణము లేచినపుడు తక్కినవి ఊరకుండెను. సామాన్యప్రజలను ఎవరును పిలువలేదు. కాబట్టి యువకులను మేల్కొలిపి, అందఱకును ఒక్కటే లక్ష్యమును స్పష్టముగా చెప్పు సంఘ మొకటి కావలెనని నిశ్చయించెను.

1831లో విడుదలై, దేశము విడిచి, ఫ్రాన్సులోని మార్సేల్సు రేవున యువ ఇటలీ యను సంఘమును స్థాపించెను. నలువదేండ్లలోపువారే అందు ముఖ్యముగా సభ్యులు. ఏకమైన ఇటలీ, ప్రజాప్రభుత్వము దాని లక్ష్యములు. విద్యాప్రచారము, తిరుగుబాటు దాని సాధనములు. సంఘపు పత్రికను కీలు పీపాలలో దాచి ఓడలమీద ఇటలీకి పంపుచుండిరి. నిరాశతో నుండిన యువకులు వేలకొలదిగా అందు చేరిరి.

అయినను 1833లో కుట్ర బయల్పడెను. పలువురు యువకులు మరణశిక్ష పొందిరి. మాజినీకి ప్రాణమిత్రుడైన యాకొపో రుఫీని చెఱసాలలోనే అసువులు బాసెను. పరదేశమందున్న మాజినీకిని మరణశిక్ష విధింపబడెను. మఱుసటి సంవత్సరము సవాయి ప్రాంతముపై చేసిన దాడియు విఫలమయ్యెను. అప్పుడు స్విట్జర్లాండులో తలదాచుకొనియున్న మాజినీని ఘోరమైన సంశయము పట్టుకొనెను. తన తలంపు కొఱకు తల్లుల బిడ్డలను మృత్యుముఖమునకు పంపుటకు తనకేమి యధికారమని రేయింబవళ్లు కుమిలెను. తుదకు ఒకనాటి యుదయమున ఆతని మనస్సు నిర్మలమయ్యెను. జీవితము సుఖము కొఱకు గాక కర్తవ్యము కొఱకే యనియు, ఫలము కోరి చేయు దేశసేవయందు స్వార్థము దాగియుండుననియు గ్రహించెను.

1837లో లండను చేరి కటికదారిద్ర్య మనుభవించెను. ఒకప్పుడు పాదరక్షలు, కోటు సైతము తాకట్టుపెట్టెను. అట్టి స్థితిలోను, వీధులలో వాద్యపు పెట్టెలు త్రిప్పి యాచించు ఇటలీ బాలుర దుర్దశ చూచి, 1841లో వారికై ఉచిత పాఠశాల తెఱచి, స్వయముగా పాఠములు చెప్పెను.

1849లో రోము ప్రజలు ప్రజాప్రభుత్వము నేర్పఱచుకొని, మాజినీని ముగ్గురు పాలకులలో నొకనిగా ఎన్నుకొనిరి. అధికారమందును ఆతడు ఒక చిన్న గదిలో నివసించి, చౌక భోజనశాలలో తినుచుండెను. గరిబాల్డీ మొదలగు వీరులు పోరాడినను, ఫ్రెంచి సైన్యము జూలైలో నగరమును వశపఱచుకొనెను.

1861లో ఇటలీ రాజ్య మేర్పడెను. 1870లో రోము అందు చేరెను. దేశ మేకమయ్యెను గాని మాజినీ కోరిన ప్రజాప్రభుత్వము రాలేదు. ఆతడు 1872 మార్చి 10వ తేదీన పీసా పట్టణమున, మాఱుపేరుతో, ఒక మిత్రుని యింట కన్నుమూసెను. తాను ఏకము చేయగోరిన దేశమందే అజ్ఞాతవాసిగా మరణింపవలసివచ్చెను.

ఆతని కథ మన దేశమునకును వచ్చెను. లాలా లజపతిరాయి ఉర్దూలో ఆతని చరిత్ర వ్రాసెను. గాంధీ మహాత్ముడు 1909లో హింద్ స్వరాజ్ గ్రంథమున, పరపాలకులు తొలగినంత మాత్రమున మాజినీ కోరిన స్వాతంత్ర్యము ఇటలీ ప్రజలకు లభింపలేదని వివరించెను.

1946 జూన్ 2వ తేదీన ఇటలీ ప్రజలు వోటుచేసి రాజరికమును తొలగించిరి. మాజినీ మరణించి అప్పటికి డెబ్బదినాలుగేండ్లు గడచెను. ఆతని ప్రయత్నములు పెక్కు విఫలమయ్యెను. కొన్నిటివలన ప్రాణనష్టమును కలిగెను. కాని పెద్దల మాటలయందు విశ్వాసము పోయిన దినమున ఆతడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఏ మాట యందఱను కలుపునో దానిని వెదకి, జీవితాంతము దానికే కట్టుబడియుండెను.