ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్

ఇమ్రోజ్ అనే పారశీక పదానికి నేడు అని అర్థం. 1947 నవంబరు 15వ తేదీన హైదరాబాదు నగరంలోని కాచిగూడ నుండి ఆ పేరుతో ఒక ఉర్దూ దినపత్రిక వెలువడింది. దాని ఆయుర్దాయం తొమ్మిది మాసాలు. దాని వెనుక ఏ జాగీర్దారూ లేడు, ఏ కోటీశ్వరుడూ లేడు. సంపాదకుడు షోయబుల్లాఖాన్‌కు అప్పటికి ఇరవైయేడు సంవత్సరాలు. ఆయన ఏ విధంగా మరణించినదీ మన జిల్లాలో పెద్దలు ఇప్పటికీ కథగా చెప్పుకొంటారు. కాని ఆ మరణానికి ముందు ఒక పత్రికను నిలబెట్టడానికి ఆయన పడిన పాట్లు అంతగా ప్రచారంలోకి రాలేదు. ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఒకే కప్పు కింద చదువుకొంటున్న మన విద్యార్థులకు ఆ భాగమే ముఖ్యమని తలచి ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరులో, అప్పటి వరంగల్ జిల్లాలో, మహబూబాబాదు ప్రాంతపు సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే శాఖలో ఉద్యోగి. వారి పూర్వులు ఉత్తరాది నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఇంట్లో ఆయనను ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారని చెప్తారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో ఉస్మానియా పట్టా అంటే సర్కారీ కొలువుకు రాచబాట. పైగా ఉర్దూ ఆ విశ్వవిద్యాలయపు బోధనా భాష, అదే సంస్థానపు అధికార భాష. అటువంటి యువకునికి ఏ తహసీలు కచేరీలోనో, ఏ సచివాలయంలోనో కుర్చీ దొరకడం కష్టం కాదు. ఆయన ఆ దారిన పోలేదు. తేజ్ అనే ఉర్దూ పత్రికలో చేరారు.

తేజ్ పత్రికలో ఆయన రాతలు పాలకులకు రుచించలేదు. ప్రభుత్వం ఆ పత్రికను నిషేధించింది. ఇక్కడ ఆనాటి పరిస్థితిని కొంత వివరించడం అవసరం. నిజాం సంస్థానంలో పత్రిక పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇచ్చిన అనుమతిని ఏ క్షణంలోనైనా తీసివేయవచ్చు. సభ జరుపుకోవాలన్నా ముందుగా అనుమతి పొందాలని గస్తీ నిషాన్ తిర్పన్ అనే ఉత్తరువు ఉండేది. బయటి రాష్ట్రాల పత్రికలు నచ్చకపోతే వాటి ప్రవేశాన్నే నిషేధించేవారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారిని, సంపాదకీయాలు ముందుగా తమకు చూపించి అచ్చు వేసుకోవలసిందిగా ప్రభుత్వం ఆదేశించింది. ఆయన సంపాదకీయం రాయడం మానుకొని ఆ స్థలంలో మహాపురుషుల సూక్తులు వేయించారు. సూక్తులకు అనుమతి అక్కరలేదు కదా! పాఠకులకు మాత్రం ఆ సూక్తి ఎవరిని ఉద్దేశించినదో అర్థమవుతూనే ఉండేది.

బ్రిటిష్ ఇండియాలో పద్ధతి కొంచెం వేరు. అక్కడ పత్రికను నేరుగా నిషేధించడానికి ముందు దాని బొక్కసం మీద దెబ్బ కొట్టేవారు. మౌలానా ఆజాద్ 1912లో కలకత్తాలో అల్ హిలాల్ వారపత్రిక ప్రారంభించారు. ప్రభుత్వం మొదట రెండు వేల రూపాయల జామీను కట్టమన్నది. దానిని జప్తు చేసి మరి పదివేలు కట్టమన్నది. 1914లో అల్ హిలాల్ ఆగిపోయింది. అంతకు పూర్వం 1857లో ఢిల్లీ ఉర్దూ అఖ్బార్ సంపాదకుడు మౌల్వీ మహమ్మద్ బాఖర్‌కు జామీనుతో సరిపెట్టలేదు, ప్రాణమే తీశారు. ఉర్దూ పత్రికా రచయితలకు ఈ వారసత్వం తెలియనిది కాదు. తేజ్ మూతపడిన తరువాత కూడా షోయబుల్లాఖాన్ వృత్తి మార్చుకోలేదంటే తెలిసే మార్చుకోలేదని గ్రహించాలి.

ఆయన తరువాత చేరినది రయ్యత్ దినపత్రికలో. దాని సంపాదకులు మందుముల నర్సింగరావుగారు. రయ్యత్ అంటే ప్రజ, రైతు అని అర్థం. ఒక తెలుగు హిందువు ఉర్దూలో పత్రిక నడపడం, అందులో ఒక ముస్లిం యువకుడు ఉపసంపాదకుడుగా పనిచేయడం ఆనాటి హైదరాబాదులో వింత కాదు. ఉర్దూ అప్పుడు ఒక మతానికి పరిమితమైన భాషగా లేదు. కోర్టులో వాదించే వకీలు, గ్రామంలో లెక్కలు రాసే పట్వారీ, అందరూ దానితో పని ఉన్నవారే. షోయబుల్లాఖాన్ రయ్యత్‌లో బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని రాశారు. సాయుధులైన రజాకార్లు గ్రామాలలో జరుపుతున్న దౌర్జన్యాలను రాశారు. ఫలితం ఊహించదగినదే. రయ్యత్ పత్రిక కూడా సర్కారు ఉత్తరువుతో మూతపడింది.

రెండు పత్రికలు తన చేతుల మీదుగా పోయిన తరువాత మరొకరి పత్రికలో చేరడానికి ఇక చోటు లేదు. తానే ఒకటి పెట్టాలి. దినపత్రిక పెట్టడమంటే మాటలా? తెలుగు పత్రికకు సీసపు అచ్చులు ఉంటే చాలు. ఆనాటి ఉర్దూ పత్రికకు ముందు కాతిబులు కావాలి. వారు పత్రిక యావత్తూ చేతితో అందంగా రాయాలి. ఆ రాతను రాతిపలక మీదికి దింపి అచ్చు తీయాలి. ప్రతిరోజూ ఇదే పని. కాతిబు జీతం, కాగితం, సిరా, అచ్చు కూలి, పంపిణీ, ఇవన్నీ నెల తిరిగేసరికి చేతిలో ఉండాలి. చందాదారులు డబ్బు పంపేది ఆలస్యంగా. ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికకు ప్రభుత్వ ప్రకటనలు రావు. ప్రభుత్వంతో పని ఉన్న వ్యాపారి కూడా అటువంటి పత్రికలో ప్రకటన ఇవ్వడానికి వెనుకాడతాడు. అదే నగరంలో గులాం మహమ్మద్ అనే ధనిక వర్తకుడు మీజాన్ పత్రికను ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడు భాషలలో నడిపారు. తెలుగు మీజానుకు అడివి బాపిరాజుగారు సంపాదకులు. రహ్బరె దక్కన్ వంటి పెద్ద ఉర్దూ దినపత్రికకు దర్బారు అనుకూలత ఉండేది. షోయబుల్లాఖాన్‌కు ఈ రెండు ఆధారాలూ లేవు. తల్లి, భార్య ఒంటి మీది నగలు అమ్మి ఆయన ఇమ్రోజ్ ప్రారంభించారని ఆయన జీవితం రాసినవారు చెప్తారు. బూర్గుల రామకృష్ణారావుగారు అండగా నిలిచారు. బూర్గుల వారు వకీలు, కాంగ్రెసు నాయకులు, ఉర్దూ పారశీకాలలో పండితులు. తరువాత 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. మన ప్రాంతం నుండి నిజామాబాదు మీదుగా రైలులో వెళ్ళినవారు దిగే కాచిగూడ స్టేషను ఉన్నది కదా, ఆ పరిసరాలలోనే ఇమ్రోజ్ కార్యాలయం.

ఎందరు చదివేవారు అని అడుగవచ్చు. 1951 జనాభా లెక్కలలో సైతం హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమందికి మించలేదు. అందులో ఉర్దూ చదవగలవారు ఒక భాగం. అందులో దినపత్రిక కొనగలవారు ఇంకొక చిన్న భాగం. ఆ కొనేవారిలో పెక్కుమంది ఆయన ఏ భావాలను ఖండిస్తున్నాడో ఆ భావాలు గలవారే. సంస్థానంలోని ముస్లింల భవిష్యత్తు స్వతంత్ర నిజాం రాజ్యంలో లేదని, ఇరుగుపొరుగు హిందువులతో కలిసి ఇండియన్ యూనియన్‌లో ఉన్నదని ఆయన వాదన. ఈ మాట తెలుగు పత్రికలో రాస్తే తెలుగువారు మెచ్చుకొని ఊరుకుంటారు. ఉర్దూలో రాస్తే ఎవరికి చేరాలో వారికే చేరుతుంది. ఆయన భాషను ఎన్నుకోవడంలోనే ధైర్యం ఉన్నదని నా అభిప్రాయం. కాని వ్యాపార దృష్టితో చూస్తే అంతకంటె నష్టదాయకమైన పని లేదు.

ఇమ్రోజ్ మొదలైన రెండు వారాలకు, 1947 నవంబరు 29న, నిజాం ప్రభుత్వానికీ ఇండియన్ యూనియన్‌కూ యథాతథ ఒడంబడిక కుదిరింది. కాగితం మీద శాంతి; గ్రామాలలో అది లేదు. 1948 జనవరి 29వ తేదీ సంచికలో షోయబుల్లాఖాన్ పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం అనే శీర్షికతో సంపాదకీయం రాశారు. పగలు ఒక ప్రభుత్వం నడుస్తున్నదని, చీకటి పడగానే రజాకార్ల రూపంలో వేరొక ప్రభుత్వం దిగుతున్నదని, సామాన్యుడు ఎవరికి మొర పెట్టుకోవాలని అందులోని సారాంశం. బెదిరింపు ఉత్తరాలు రావడం మొదలైనది. పత్రిక ఆగలేదు. 1948లో సరిహద్దుల మీద ఆంక్షలు బిగిసి ఉప్పుకు, మందులకు, పెట్రోలుకు కటకట ఏర్పడింది. అటువంటి కాలంలో చేతిలో చిల్లిగవ్వ లేని చిన్న పత్రిక రోజుకు ఇన్ని కాగితాలు ఎట్లా సమకూర్చుకొన్నదో ఊహించుకోవలసిందే. మన జిల్లా కేంద్రమైన నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్య బందీగా ఉన్నది కూడా ఆ సంవత్సరమే.

ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. వారిలో బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా ఉన్నారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలని, బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పరచాలని, యూనియన్‌లో చేరాలని ఆ ప్రకటన కోరింది. ఫరీద్ మీర్జా నాందేడు వైపు తహసీల్దారుగా ఉండి, జరుగుతున్న అన్యాయాలను సహించలేక పదవి వదులుకొన్నవారు. ఇటువంటి ప్రకటనను అచ్చువేయడమంటే ఏమిటో ఇమ్రోజ్ సంపాదకునికి తెలుసు. ప్రచురించారు. ముస్లింలందరూ ఒకే మాట మీద ఉన్నారన్న రజాకార్ల ప్రచారం ఆ ఒక్క ప్రకటనతో నిలువునా చీలిపోయింది.

ఆగస్టు 19న నగరంలోని జమరూద్ మహల్‌లో రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ప్రసంగించాడు. తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేయాలన్న ధోరణిలో ఆ ప్రసంగం సాగింది. రెండు రోజుల తరువాత, 21వ తేదీ రాత్రి, షోయబుల్లాఖాన్ మరునాటి సంచిక పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కార్యాలయం నుండి నడిచి ఇంటికి బయలుదేరారు. లింగంపల్లి చౌరస్తా దగ్గర దుండగులు చుట్టుముట్టారు. తుపాకితో కాల్చారు. రాసే చేతిని నరికారు. అడ్డువచ్చిన ఇస్మాయిల్ ఖాన్ చేతిని కూడా నరికారు. తెల్లవారేలోగా, ఆగస్టు 22న, షోయబుల్లాఖాన్ ప్రాణం విడిచారు. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులు, గర్భవతి అయిన భార్య, చంటిబిడ్డ. జనాజా ఊరేగింపుగా సాగకుండా పోలీసులు ఆంక్షలు పెట్టారు. గోషామహల్ మాలకుంట శ్మశానవాటికలో ఖననం జరిగింది. ఇమ్రోజ్ అంతటితో ఆగిపోయింది. తేజ్‌కు, రయ్యత్‌కు సరిపోయిన ఉత్తరువు ముక్క దీనికి సరిపోలేదు.

ఇరవైరెండు రోజుల తరువాత, సెప్టెంబరు 13న, భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 17వ తేదీన నిజాం లొంగిపోయాడు. అనంతరం మనకు పొరుగున ఉన్న మరాఠ్వాడా జిల్లాలలోను, ఇతరత్రాను, రజాకార్లతో ఏ సంబంధమూ లేని వేలాది ముస్లింలు ప్రతీకారానికి బలి అయ్యారు. ఇరవైయేడు వేల నుండి నలభై వేల మంది వరకు చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ సంఘం అంచనా కట్టింది. ఆ సంఘంలో సభ్యుడైన ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా హైదరాబాదులో పయామ్ అనే ఉర్దూ దినపత్రిక నడిపిన సంపాదకుడే. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. రజాకార్లను నమ్మితే ముస్లింలకు మేలు కలుగదని షోయబుల్లాఖాన్ తొమ్మిది మాసాలు ఉర్దూలో రాసినది ఈ ముస్లింల కోసమే.

ఖాసిం రజ్వీ విచారణ న్యాయస్థానాలలో కొన్నేండ్లు సాగింది. 1953లో సుప్రీంకోర్టు అతని అప్పీలును తోసిపుచ్చింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1970లో కరాచీలో మరణించాడు. సుప్రీంకోర్టు ఖాయం చేసిన ఆ ఏడేండ్ల శిక్ష 1948 జనవరిలో జరిగిన బీబీనగర్ దోపిడీ కేసులోనిది, ఇమ్రోజ్ సంపాదకుని హత్య కేసులోనిది కాదు.