వీటో వోల్తెర్రా

మన సోలాపుర నేతపేటలకు సముద్రము దూరము. అయినను, బట్టల వర్తకుని ఇంట పుట్టిన ఒక గణితజ్ఞుడు సముద్రజీవుల హెచ్చుతగ్గులకు లెక్క కట్టెనని వినినచో మన విద్యార్థులకు ఆసక్తి కలుగక మానదు.

వీటో వోల్తెర్రా 1860వ సంవత్సరము మే 3వ తేదీన ఇటలీ దేశపు అంకోనా పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. మేనమామ ఆశ్రయమిచ్చెను. ఇంటి లేమిచే చదువు మానవలసివచ్చు పిల్లల కష్టము మన పేటలకు క్రొత్త గాదు. బంధువులు ఆయనను త్వరగా ఉద్యోగమున చేర్పగోరిరి; కాని ఆయన గణితమును విడువలేదు. 1882లో పీసా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, మరుసటి యేడే అచట ఆచార్యుడయ్యెను. 1900లో రోము నగరమునకు వెడలెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆడ్రియాటిక్ సముద్రములో చేపలవేట తగ్గెను. ఆనాటి అంగడి లెక్కలను చూచిన జంతుశాస్త్రజ్ఞుడు ఉంబెర్తో దాంకోనా, సొరచేపలవంటి భక్షక జాతుల పాలు పెరుగుటకు కారణమేమని వోల్తెర్రాను అడిగెను. తినెడు జీవి పెరిగినచో తినబడునది తరుగును. ఆహారము లేక తినెడిదియు తరుగును. అంతట మొదటిది మరల పెరుగును. ఈ చక్రమును ఆయన 1926లో రెండు సమీకరణములలో ఇమిడ్చెను. వేట తగ్గినచో లాభము భక్షకులకేయని వాని వలన తేలెను. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా 1925లోనే ఇట్టి సమీకరణములను వేరుగా ప్రకటించియుండెను.

1931లో ఫాసిస్టు ప్రభుత్వము ఆచార్యులందరును విధేయతా ప్రమాణము చేయవలెనని శాసించెను. సుమారు 1200 మందిలో నిరాకరించినవారు దాదాపు 12 మంది. వారిలో వోల్తెర్రా ఒకరు. ఆయన ఉద్యోగము పోయెను. 1940 అక్టోబరు 11న రోములో మరణించెను.

ఆ సమీకరణములు మాత్రము నిలిచినవి. సముద్రపు పైపొరలలో కంటికి కానరాని వృక్షప్లవకములు తేలుచుండును. భూమిపై జరుగు కిరణజన్యసంయోగక్రియలో దాదాపు సగము వానిదే. వానిని వైరసులు చీల్చి చంపుచుండును. అప్పుడు చేపలవరకు చేరవలసిన ఆహారములో కొంత నీట కరగి బాక్టీరియాల పాలగును. ఏ జాతి మిక్కిలి పెరుగునో దానికే వైరసు తాకిడి ఎక్కువ. అందుచే తక్కిన జాతులకు చోటు దొరకును. ఈ మార్పులను ముందుగా గణింపగోరు నేటి శాస్త్రజ్ఞులు, వోల్తెర్రా సమీకరణములలో సొరచేపకు మారుగా వైరసును, చిన్నచేపకు మారుగా ప్లవకమును నిలిపి, వానిని విస్తరించుచున్నారు.

పదవి పోయినను ఆయన తల వంచలేదు. లేమి వచ్చినను చదువు మానలేదు. మన పేటల బాలబాలికలు ఈ రెండింటిని జ్ఞాపకముంచుకొందురని మేము ఆశించుచున్నాము.