కుర్రాళ్లకు కావలి అప్పగించిన గురువు

మాట వినని కొడుకును దూరాన ఏదో ఒక హాస్టల్లో పడేస్తే దారికొస్తాడని మన కృష్ణా జిల్లాలో చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. కూచిపూడి, మొవ్వ, పామర్రు ప్రాంత సంఘాల్లో పదిహేను, పదహారేళ్ల కొడుకుల కోసం ప్రార్థించమని కన్నీళ్లతో వచ్చే తల్లులు ఎందరో. ప్రార్థిస్తాం. అయితే అలాంటి పిల్లల కోసం జీవితమంతా ధారపోసిన కుర్ట్ హాన్ గురించి కూడా మనం తెలుసుకోవాలి. దారితప్పిన పిల్లలను కొండలకు, సముద్రానికి తీసుకెళ్లి బాగుచేసే పద్ధతులకు మూలపురుషుడిగా లోకం చెప్పుకునేది ఆయననే.

హాన్ 1886లో బెర్లిన్‌లో యూదుల ఇంట పుట్టారు. 18వ ఏట తగిలిన వడదెబ్బ ఆయనను జీవితాంతం బాధించింది. ఎండ పడని మనిషి చేత పిల్లలను ఆరుబయటికి నడిపించడం దేవుని విచిత్రమే! 1920లో ఆయన జర్మనీలో సాలెం బడి స్థాపనలో ముఖ్యుడయ్యారు. మెల్కీసెదెకు ఏలిన పట్టణం పేరే అది.

1932లో పోటెంపా అనే పల్లెలో నాజీలు ఒక కార్మికుణ్ణి కన్నతల్లి ఎదుటే కొట్టి చంపారు. హిట్లర్ ఆ హంతకులను వెనకేసుకొచ్చాడు. హాన్ తన పూర్వ విద్యార్థులకు ఉత్తరం రాసి, సాలెమో హిట్లరో తేల్చుకోమన్నారు. మరుసటి ఏడు మార్చిలో ఆయనను జైల్లో వేశారు. బ్రిటన్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ చొరవతో బయటపడి, దేశం విడిచి బ్రిటన్ చేరారు.

1934లో స్కాట్లాండు తీరాన గోర్డన్‌స్టన్ బడి తెరిచారు. చన్నీళ్ల స్నానాలు, తెల్లవారుజామున పరుగులు, ఇలా అక్కడి కఠిన నియమాలనే లోకం ఎక్కువగా చెప్పుకుంటుంది. ఆ కఠినత్వం మాకంతగా రుచించదు. అక్కడ చదివిన చార్లెస్ రాజుకూ ఆ బడి నచ్చలేదంటారు. అసలు సంగతి వేరు. తీరాన కావలి కాసి, ఆపదలో ఉన్న ఓడలను కనిపెట్టే పనిని హాన్ ఆ కుర్రాళ్లకే అప్పగించారు. నిప్పు ఆర్పడం, కొండల్లో తప్పిపోయినవారిని వెదకడం కూడా నేర్పించారు. మంచి సమరయుని ఉపమానం ఆయనకు ప్రాణం. దాన్ని వల్లె వేయించడంతో ఆయన ఆగలేదు. గాయపడినవాని దగ్గరికే కుర్రాణ్ణి తీసుకెళ్లారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు, ప్రాణరక్షణ పడవల్లో వయసు మళ్లిన నావికులు బతికి, బలంగా ఉన్న యువకులు ముందే ప్రాణాలు విడుస్తున్నారని ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ గమనించారు. వారిలో కరువైంది కండబలం కాదు. ఆయన సాయంతో 1941లో వేల్స్‌లోని అబర్‌డవీలో ‘అవుట్‌వర్డ్ బౌండ్’ సముద్ర పాఠశాల మొదలైంది. సుమారు నాలుగు వారాల పాటు కుర్రాళ్లు కలిసి పడవ నడపాలి, కొండ ఎక్కాలి, ఒకరి ప్రాణానికి ఒకరు పూచీపడాలి.

1945లో హాన్ క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చారు. స్కాట్లాండు సంఘాల్లో వాక్యం బోధించారు. 1974 డిసెంబరు 14న జర్మనీలో కన్నుమూశారు.

ఆయన పద్ధతి 1962లో అమెరికాలోని కొలరాడో కొండలకు చేరింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో నేరాలు చేసిన బాలురను కొందరిని జైలుకు బదులు ఆ శిక్షణకు పంపి చూశారు. మొదటి ఏడాది మళ్లీ నేరం చేసినవారు వారిలో తక్కువే. కానీ ఐదేళ్లు గడిచేసరికి ఆ తేడా తగ్గిపోయింది. ఇంటికి తిరిగొచ్చిన కుర్రాణ్ణి ఊరు పట్టించుకోకపోతే కొండ మాత్రం ఎన్నాళ్లు కాపాడుతుంది?

తర్వాత ఇది వ్యాపారమైంది. అర్ధరాత్రి పిల్లలను మంచం మీది నుండి లేపి బలవంతంగా అడవి శిబిరాలకు తరలించే మనుషులను డబ్బిచ్చి పెట్టుకునే తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలోని ఒక శిబిరంలో 12 ఏళ్ల బాలుడు చేరిన మరునాడే శవమయ్యాడు. ఆ శిబిరం అనుమతిని ప్రభుత్వం రద్దు చేసింది. అడవి అదే, కొండ అదే. హాన్ బాధ్యతగా ఇచ్చినదాన్ని వీరు శిక్షగా మార్చారు.

మన ప్రాంతానికి ఇలాంటి బాధ్యతలు కొత్త కావు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు శవాలను మోసినవారిలో కాలేజీ విద్యార్థులున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఆ నీళ్లలో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగినవారిలోనూ మన కుర్రాళ్లున్నారు.