ప్రజాగాయకుడు గరిమెళ్ళ

పాట జనుల నాలుకలపై నిలిచి, దానిని కట్టినవాడు మరుగున పడుట మన దేశంలో క్రొత్త కాదు. గరిమెళ్ళ సత్యనారాయణగారి కథ అట్టిదే.

ఆయన 1893లో నేటి శ్రీకాకుళం జిల్లాలోని గోనెపాడు గ్రామంలో, పేద కుటుంబంలో జన్మించారు. బి.ఏ. పట్టం పొంది, రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా సహాయ నిరాకరణోద్యమం వచ్చినది. ఆయన చదువును విడిచి పాటను చేపట్టారు.

తెల్లదొరతనం వద్దని చాటిన ఆ పాటలో దీర్ఘసమాసాలు లేవు. పట్టెడన్నానికి, ఉప్పుకు సామాన్యుడు పడిన పాట్లు వాడుకమాటలలో ఒదిగినవి. వరుస ఇట్టే పట్టువడేది. కనుకనే అక్షరజ్ఞానం లేనివారు సైతం దానిని కంఠస్థం చేశారు.

ఆ పాటకై 1922లో ఏడాది చెరసాల ప్రాప్తించినది. విడుదలై మరల ఊరూరా పాడగా రెండున్నరేండ్ల కఠినశిక్ష పడినది. చెరలో ఉండగానే తండ్రి మరణించారు. క్షమాపణ కోరితే విడుతుమన్నను ఆయన తలవంచలేదంటారు.

తరువాత మద్రాసులో పత్రికా రచనతో బ్రతుకు ఈడ్చారు. స్వరాజ్యం వచ్చిన ఐదేండ్లకు, 1952 డిసెంబరులో, దారిద్ర్యంలోనే కన్నుమూశారు. ఆ పాట వినగానే ఖద్దరు ఊరేగింపులు, లాఠీదెబ్బలు జ్ఞప్తికి తెచ్చుకొనిన ఆనాటి వారెందరో. పాడినవాని ఆకలిని తలచినవారు కొందరే.

స్వాతంత్ర్య దినాన బడిలో ఆ పాట పాడించే ఉపాధ్యాయుడు ముందుగా ఈ కథ చెప్పిననాడు, జాతి ఋణం కొంతైనా తీరగలదు.