చెరకు తోటల కూలీల మొరను ప్రపంచ సభకెక్కించిన విజయలక్ష్మీ పండిట్

సముద్రానికి ఆవల బతుకుతున్న మనవాళ్ల మీద అక్కడి ప్రభుత్వం అన్యాయపు చట్టం చేస్తే ఇక్కడి ప్రభుత్వం ఏం చేయగలదు? సైన్యాన్ని పంపలేదు. ఆ చట్టాన్ని కొట్టివేయలేదు. వ్యాపారం మానవచ్చు, దూతను వెనక్కి పిలవవచ్చు, నలుగురిలో పెట్టి అడగవచ్చు. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాని 1946లోనే భారతదేశం ఈ మూడు పనులూ చేసింది. నలుగురిలో పెట్టి అడిగే బాధ్యత శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ మీద పడింది. ఆమె ఎవరి తరపున అడిగారో తెలిస్తే ఆ కథ మన శ్రీకాకుళం జిల్లా వారికి పరాయిది అనిపించదు.

మన పల్లెల నుంచి వెళ్లినవారు

దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతంలో తెల్లదొరలు చెరకు తోటలు వేశారు. పనికి మనుషులు చాలలేదు. మద్రాసు నుంచి కూలీలను ఎక్కించుకుని ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు 1 లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాజధానివారే. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, దక్షిణాన ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి తెలుగు కుటుంబాలు వెళ్లాయి. నేటి శ్రీకాకుళం జిల్లా పల్లెలు అప్పట్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కిందే ఉండేవి.

ఒప్పందం 5 ఏళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. గడువు తీరాక తిరిగి రాకుండా అక్కడే ఉండదలచిన వారి మీద 1895లో ఏడాదికి 3 పౌన్ల తలపన్ను విధించారు. అంటే ఆరు నెలల కూలి డబ్బు పన్నుకే పోవాలి. గాంధీజీ నడిపిన సత్యాగ్రహం ఫలితంగా 1914లో ఆ పన్ను రద్దయింది. అప్పుడు ప్రభుత్వం తరపున గాంధీజీతో రాజీ కుదుర్చుకున్న మంత్రి జనరల్ స్మట్స్. ఈ పేరు ముందు ముందు మళ్లీ వస్తుంది.

కూలీల పిల్లలు కూరగాయలు పండించారు, దుకాణాలు పెట్టారు, చదువుకున్నారు. 1931లో తెలుగువారు అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. 1946 నాటికి ఆ దేశంలో భారతీయులు రెండున్నర లక్షలకు పైబడ్డారు. వారిలో అత్యధికులకు అదే పుట్టిన నేల.

ఆనంద్ భవన్ బిడ్డ

విజయలక్ష్మి 1900 ఆగస్టు 18న అలహాబాదులో పుట్టారు. తండ్రి మోతీలాల్ నెహ్రూ పేరుమోసిన వకీలు. అన్న జవహర్‌లాల్ ఆమెకంటే పదకొండేళ్లు పెద్ద. పుట్టింట పెట్టిన పేరు స్వరూప్. ఆమె బడికి వెళ్లలేదు. ఇంట్లోనే దొరసాని పంతులమ్మ చదువు చెప్పింది. 1921లో సంస్కృతం బాగా చదువుకున్న బారిస్టరు రంజిత్ సీతారామ్ పండిట్‌తో పెళ్లయింది. కాశ్మీరు రాజుల చరిత్ర అయిన రాజతరంగిణిని ఇంగ్లీషులోకి అనువదించినది ఆయనే. వారికి ముగ్గురు ఆడపిల్లలు.

ఆ దంపతులు గాంధీజీ వెంట నడిచారు. విజయలక్ష్మి మూడు విడతలు జైలుకు వెళ్లారు. 1937 ఎన్నికల్లో గెలిచి సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వంలో స్థానిక పాలన, ప్రజారోగ్య శాఖల మంత్రి అయ్యారు. మన దేశంలో ఒక మహిళ అంతటి పదవి చేపట్టడం అదే మొదలు.

1944 జనవరిలో రంజిత్ పండిట్ కన్నుమూశారు. జైలులో పాడైన ఆరోగ్యం బయటికి వచ్చాక కోలుకోలేదు. ఆయన వీలునామా రాయలేదు. కొడుకులు లేని వితంతువుకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో హక్కు లేదంటూ మెట్టినింటివైపు నుంచి అడ్డు వచ్చింది. మంత్రిగా పనిచేసిన మనిషికి, నెహ్రూ చెల్లెలికే ఈ గతి పట్టింది. చట్టం ఒక మనిషిని మనిషిగా లెక్కపెట్టకపోతే ఎలా ఉంటుందో ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

అదే ఏడాది చివర ఆమె అమెరికా వెళ్లి ఊరూరా భారత స్వాతంత్ర్యం గురించి ప్రసంగించారు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితిని ఏర్పాటుచేసే మహాసభ జరిగింది. భారతదేశం పేరున కూర్చున్న ప్రతినిధులు బ్రిటిషు ప్రభుత్వం ఎంపిక చేసినవారు. విజయలక్ష్మికి లోపల కుర్చీ లేదు. బయటనే సభలు పెట్టి, వినతిపత్రం ఇచ్చి దేశం గోడు వినిపించారు. ఏడాది తిరిగేసరికి ఆ సమితిలోనే భారత బృందానికి ఆమె నాయకురాలయ్యారు.

1946 నాటి చట్టం

ఆ ఏడాది దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. నాటాల్, ట్రాన్స్‌వాల్ ప్రాంతాలలో భారతీయులు ప్రభుత్వం గీత గీసిన చోట తప్ప మరెక్కడా తెల్లవారి నుంచి భూమి కొనరాదు, కాపురం ఉండరాదు. పేరుకు ఓటు ఇచ్చారు కాని, తమ తరపున తెల్లవారినే ఎన్నుకోవాలన్నారు. అప్పుడు ఆ దేశ ప్రధాని స్మట్స్.

జూన్ 13న డర్బన్‌లో డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూల నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. నిషేధించిన స్థలంలో గుడారాలు వేసి కూర్చున్నారు. తెల్ల రౌడీలు కొట్టినా కదలలేదు. రెండేళ్లలో సుమారు 2 వేల మంది, ఆడవారితో సహా, జైళ్లకు వెళ్లారు.

ఇక్కడ ప్రజల ఒత్తిడికి వైస్రాయి ప్రభుత్వమే దిగివచ్చింది. దక్షిణాఫ్రికాతో ఉన్న వ్యాపార ఒప్పందాన్ని రద్దు చేసింది. హైకమిషనర్‌ను వెనక్కి పిలిచింది. జూన్ 22న ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపింది. జూలైలో వ్యాపారం పూర్తిగా ఆపివేసింది. మన దేశం అక్కడికి పంపే సరుకుల్లో గోనె సంచులు ముఖ్యమైనవి. గోగునార పండించే మన ప్రాంతానికి ఆ సరుకు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఈ వెలిలో నష్టం మనకే ఎక్కువ. అయినా వర్ణవివక్ష మీద అలా వ్యాపారం ఆపిన మొట్టమొదటి దేశం భారతదేశమే. సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. ఆ ఫిర్యాదును వాదించడానికి విజయలక్ష్మిని న్యూయార్క్ పంపింది.

ఒక్క ఓటు అటయితే

సభలో ఎదుటి పక్షాన ఉన్నది సాక్షాత్తు స్మట్స్. ఐక్యరాజ్యసమితి ప్రణాళికకు పీఠికను తొలుత రాసింది ఆయనే. మనుషులందరి హక్కుల గురించి ప్రపంచానికి చెప్పిన ఆ పెద్దమనిషి, తన దేశంలో భారతీయులకు భూమి కొనే హక్కు లేకుండా చేశారు. ఇది మా ఇంటి వ్యవహారం, బయటివారికి అడిగే అధికారం లేదని ఆయన వాదించారు. అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం కోరాలన్నారు. భారతదేశంలో కులాల తేడాలు, మత కలహాలు లేవా అని కూడా ఎత్తిపొడిచారు. అది వట్టి మాట కాదు. కలకత్తాలో ఆగస్టులో, నౌఖాలీలో అక్టోబరులో, ఆ వెంటనే బీహారులో నెత్తురు పారిన ఏడాది అది.

విజయలక్ష్మి, ఆమెతో ఉన్న చాగ్లా, కృష్ణమీనన్ మొదలైనవారు వెనక్కి తగ్గలేదు. 1914లో, మళ్లీ 1927లో రెండు ప్రభుత్వాల మధ్య భారతీయుల గురించి ఒడంబడికలు జరిగాయి కనుక ఇది ఒక ఇంటి వ్యవహారం కాదని చూపారు. కోర్టులో తేలే సాంకేతిక విషయం కాదు, మనిషి గౌరవానికి సంబంధించినదని చెప్పారు.

డిసెంబరు 8న రాత్రి పొద్దుపోయేదాకా చర్చ జరిగి ఓటింగు పెట్టారు. రెండు ప్రభుత్వాలూ తమ ఒడంబడికలకు, సమితి ప్రణాళికకు అనుగుణంగా భారతీయుల పట్ల నడుచుకోవాలని, ఏం చేశారో వచ్చే ఏడాది చెప్పాలని తీర్మానం. నెగ్గాలంటే ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది కావాలి. అనుకూలంగా 32, వ్యతిరేకంగా 15 వచ్చాయి. ఏడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. లెక్క చూస్తే 47 ఓట్లకు 32 కావాలి. సరిగ్గా అన్నే వచ్చాయి. ఒక్కరు అటు తిరిగితే తీర్మానం వీగిపోయేది. బ్రిటన్, అమెరికా వ్యతిరేకంగా ఓటు వేశాయి. సోవియట్ యూనియన్, చైనా, మెక్సికో, ఫ్రాన్స్, ఈజిప్టు మనవైపు నిలిచాయి.

ఓటింగు ముగిశాక ఆమె స్మట్స్ దగ్గరికి వెళ్లి, తన మాటల్లో నొప్పించినది ఏమైనా ఉంటే మన్నించమని అడిగారు. ఎదుటివారిని గౌరవించడం మరవవద్దని బయలుదేరే ముందు గాంధీజీ ఆమెకు చెప్పి పంపారు. ఆమె స్వీయచరిత్రలో రాసిన ప్రకారం స్మట్స్ ఆ చేయి అందుకుని, ఇది వట్టి డొల్ల గెలుపు అన్నారు. దీనివల్ల వచ్చే ఎన్నికల్లో తాను ఓడిపోతానని, ఆమెకు మాత్రం ఒరిగేది ఏమీ ఉండదని చెప్పారు.

ఆ మాటలో సగం వెంటనే నిజమైంది. 1948 మే ఎన్నికల్లో స్మట్స్ ఓడిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన మలాన్ పార్టీ అంతకంటే కఠినమైనది. జాతుల వారీగా ఊళ్లు, బళ్లు, బస్సులు, చివరికి పెళ్లిళ్లు కూడా విడగొట్టే అపార్థీడ్ విధానాన్ని చట్టాలుగా మార్చింది. 1947లో మన తీర్మానానికి మూడింట రెండు వంతుల ఓట్లు కూడా రాలేదు. దేశ విభజన రక్తపాతంతో మన మాట విలువ తగ్గిన కాలం అది. ఇంట్లో నిప్పు రాజుకున్నవాడు పక్కింటి తప్పు అడిగితే వినేవారు తక్కువ.

మాస్కో నుంచి లండను దాకా

స్వాతంత్ర్యం వచ్చాక ఆమె మాస్కోలో మన తొలి రాయబారి అయ్యారు. 1949లో ఆమె తర్వాత ఆ పదవికి వెళ్లినది, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆమె అక్కడి నుంచి అమెరికాకు రాయబారిగా వెళ్లారు. 1952లో భారతదేశం మరో 12 ఆసియా, ఆఫ్రికా దేశాలతో కలిసి అపార్థీడ్ మొత్తాన్నీ సమితి ముందు పెట్టింది. ఇక అది భారతీయుల సమస్య ఒక్కటే కాదు, నల్లజాతి వారందరి సమస్య అయింది.

1953 సెప్టెంబరులో ఆమె జనరల్ అసెంబ్లీకి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ప్రపంచంలో ఆ పీఠం ఎక్కిన మొదటి మహిళ ఆమె. కొరియా యుద్ధం అప్పుడే ఆగింది. స్వదేశానికి తిరిగి వెళ్లబోమన్న 22 వేలకు పైగా యుద్ధ ఖైదీలను కాపలా కాసి, వారి ఇష్టం తెలుసుకునే పని రెండు పక్షాలూ నమ్మి భారత సైన్యానికి అప్పగించాయి. జనరల్ తిమ్మయ్య ఆ కమిషన్‌కు అధ్యక్షులు.

1954 నుంచి 1961 వరకు ఆమె లండనులో హైకమిషనర్. మచ్చ పడిన సంవత్సరమూ ఆ కాలంలోనే ఉంది. 1956లో ఈజిప్టు మీద దాడిని వెంటనే ఖండించిన మన ప్రభుత్వం, సోవియట్ సైన్యం హంగరీ ప్రజలను అణచివేసినప్పుడు అంత గట్టిగా మాట్లాడలేదని దేశంలోనూ, బయటా విమర్శ వచ్చింది. స్నేహితుడి తప్పును చెప్పడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

మేనకోడలి ముందు అదే ప్రశ్న

ఆ తర్వాత ఆమె మహారాష్ట్ర గవర్నరుగా, అన్న మరణించాక ఆయన నియోజకవర్గం ఫూల్‌పూర్ నుంచి లోక్‌సభ సభ్యురాలిగా ఉండి, రాజకీయాలు వదిలి డెహ్రాడూన్‌లో స్థిరపడ్డారు. 1975 జూన్‌లో ప్రధాని ఇందిరాగాంధీ అత్యవసర పరిస్థితి విధించారు. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో పెట్టారు. పత్రికలకు కళ్లెం వేశారు. ఇందిర ఆమెకు అన్న కూతురు.

1977 ఎన్నికలు రాగానే 76 ఏళ్ల విజయలక్ష్మి ఇల్లు వదిలి బయటికి వచ్చారు. ఊరూరా తిరిగి మేనకోడలి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. బంధుత్వం తెగిపోతుందని తెలియక కాదు. డర్బన్‌లో విచారణ లేకుండా మనిషిని జైలులో పెట్టడం తప్పయితే ఢిల్లీలోనూ తప్పే. స్మట్స్ ఎత్తిపొడుపుకు ఆమె ఇచ్చిన అసలు జవాబు ఇదేనేమో. జనతా ప్రభుత్వం ఆమెను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌కు భారత ప్రతినిధిగా పంపింది.

డొల్ల గెలుపు కాలేదు

1946లో ఆ సమితి సభలు జరుగుతున్నప్పుడు న్యూయార్క్‌లో చదువుకోవడానికి వచ్చిన నెల్లూరు జిల్లా యువకుడు ఒకరు ఉన్నారు. ఆయన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. తర్వాత సమితిలో ఉద్యోగంలో చేరి, 1963 నుంచి అపార్థీడ్ వ్యతిరేక ప్రత్యేక సంఘానికి కార్యదర్శిగా, 1976 నుంచి 1983 వరకు అపార్థీడ్ వ్యతిరేక కేంద్రానికి అధిపతిగా పనిచేశారు. ప్రపంచ దేశాల వెలిని ఏటేటా బిగించడంలో ఆ తెలుగువాని శ్రమ ఎంతో ఉంది. ఆయన 2020లో మరణించారు.

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికి వచ్చారు. ఆ వార్త విజయలక్ష్మి విన్నారు. అదే ఏడాది డిసెంబరు 1న డెహ్రాడూన్‌లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1946లో మొదలైన వ్యాపార నిషేధాన్ని భారతదేశం 1993లో ఎత్తివేసింది. 1994 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా అందరూ ఓటు వేశారు. నాటాల్ చెరకు తోటల్లో చెమటోడ్చిన మన కూలీల మనుమలు, మునిమనుమలు నల్లవారితో కలిసి అదే వరుసలో నిలబడ్డారు.

ఒక్క ఓటు తేడాతో గట్టెక్కిన తీర్మానం ఫలించడానికి 48 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ ప్రభుత్వాలు మారినా వ్యాపారం నష్టపోయినా మన దేశం ఆ ఫిర్యాదును వెనక్కి తీసుకోలేదు.